గరాండ్‌తో 600 గజాలు: ఒక క్లిక్కుకి ఒక మైలు గాలి

200 గజాల దగ్గర చక్కగా టార్గెట్ మీది నల్లటి చుక్కలో పెట్టే ఎం1 గరాండ్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైన్యపు రైఫిల్) 600 గజాల లైనుకి వెళ్లగానే షాట్లను చల్లేస్తుంటే, చాలామంది ముందు గాలిని తిడతారు, తర్వాత తూటాలను తిడతారు. నేను చూసే వరుస వేరు. ముందు చెక్క (రైఫిల్ కూర్చునే దిమ్మ), తర్వాత సైటు (గురి చూసే భాగం), ఆ తర్వాత రౌండు (తూటా), అన్నిటికంటే చివర గాలి. మొదటి మూడూ స్థిరంగా ఉంటేనే నాలుగోదాన్ని చదవడం వస్తుంది. లేకపోతే షాటు గాలి వల్ల తప్పిందో, రైఫిల్ వల్ల తప్పిందో ఎన్నేళ్లు కాల్చినా తేలదు.

అసలు ఈ రైఫిల్ నుంచి ఎంత ఆశించవచ్చో ముందు లెక్క వేసుకుందాం. 600 గజాలకు వాడే ఎంఆర్ అనే రకం టార్గెట్‌లో నట్టనడుమ ఉండే ఎక్స్ రింగు వెడల్పు 6 అంగుళాలు, పది పాయింట్ల రింగు 12, తొమ్మిది పాయింట్ల రింగు 18. డిగ్రీలో అరవయ్యో వంతుని మినిట్ అంటాం. అది 100 గజాల దగ్గర 1.047 అంగుళం, 600 దగ్గర ఆరంగుళాల పైచిలుకు. సైన్యం ఇచ్చిన రూపంలోనే ఉండి బ్యారెల్ బాగున్న గరాండ్ మూడు మినిట్లలో గ్రూపు పెడితే సంతోషించాలి. అంటే 600 దగ్గర దాదాపు తొమ్మిది రింగంత. నేషనల్ మ్యాచ్ (అమెరికా జాతీయ షూటింగ్ పోటీలు) పద్ధతిలో బెడ్డింగ్ చేసిన, అంటే చెక్కలో కదలకుండా కూర్చోబెట్టిన రైఫిల్ రెండు మినిట్లకు వస్తుంది, అది దాదాపు పది రింగంత. ఈ లెక్క మనసులో లేకుండా ప్రతి షాటు వెనకా క్లిక్కులు (సైటు నాబులో ఒక్కో మెట్టు) తిప్పుతూ పోతే, రైఫిల్ మామూలుగా చెదరగొట్టేదాన్ని మన చేత్తో మనమే ఇంకా పెద్దది చేస్తాం.

చెక్క

గరాండ్‌లో రిసీవర్‌ను (కాల్చే యంత్రమంతా కూర్చునే లోహపు పెట్టెను) చెక్కకి బిగించే స్క్రూలేవీ లేవు. కింద నుంచి ట్రిగ్గర్ గార్డు మూసుకుంటూ రిసీవర్‌ను చెక్కలోకి లాగి పట్టుకుంటుంది. ఆ పట్టే అన్నిటికీ మూలం. రైఫిల్ ఖాళీగా ఉందని చాంబర్‌లోకి (తూటా కూర్చునే గదిలోకి) కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాక గార్డును విప్పి మళ్లీ మూయండి. మొదట సులువుగా వచ్చి, చివరి కొంత దూరంలో గట్టిగా ఎదురు తిరిగి, అరచేత్తో నొక్కితేనే మూసుకోవాలి. ఏ ఇబ్బందీ లేకుండా టక్కున మూసుకుంటే చెక్క నలిగిపోయిందని అర్థం. అలాంటి రైఫిల్ ప్రతి షాటుకీ చెక్కలో కొంచెం వేరే చోట కూర్చుంటుంది. రిసీవర్ కింద పల్చటి రేకు ముక్కలు పెట్టడం తాత్కాలిక వైద్యమే. కొత్త చెక్క గానీ, మ్యాచ్ నిబంధనలు ఒప్పుకుంటే గ్లాస్ బెడ్డింగ్ (చెక్కకీ లోహానికీ మధ్య గట్టిపడే జిగురు నింపడం) గానీ సరైన మందు. చెక్క నుంచి రైఫిల్‌ను అనవసరంగా బయటకు తీయకండి. తీసిన ప్రతిసారీ ఆ పట్టు కాస్త కాస్త అరుగుతుంది. పైపై శుభ్రానికి ఆ అవసరమే రాదు.

ఇక గ్యాస్ సిలిండర్, అంటే మూతి దగ్గర ఉండి, గ్యాస్ ఒత్తిడితో రైఫిల్‌ను నడిపించే గొట్టం. ముందు సైటు కూర్చునేది దాని మీదే కాబట్టి సిలిండర్ బ్యారెల్ మీద కదిలితే సైటు కూడా కదిలినట్టే. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 28 అంగుళాలు. ఆ దూరానికి ఒక మినిట్ అంటే ముందు సైటు దగ్గర 0.008 అంగుళం. ప్రింటర్ కాగితాలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందమో అంత! ఆ రెండు కాగితాల కదలిక 600 గజాల దగ్గర ఆరంగుళాలు అవుతుంది. సిలిండర్‌ను వేళ్లతో పట్టుకుని రెండు వైపులా తిప్పి చూడండి. ఏ మాత్రం టిక్కుమన్నా బ్యారెల్ మీది స్ప్లైన్లు (సిలిండర్‌ను తిరగనీయకుండా పట్టే గాళ్లు) వదులయ్యాయన్నమాట. సిలిండర్ మీది స్ప్లైన్లను పంచ్‌తో జాగ్రత్తగా కొట్టి బిగుతు చేయడం పాత పద్ధతి, పనిచేసే పద్ధతి. చేయి తిరిగినవాళ్లతో చేయించండి. ముందు సైటు స్క్రూను కూడా అదే పూట చూసేయండి.

ముందు హ్యాండ్‌గార్డు (బ్యారెల్‌ను కప్పే చెక్క ముక్క) సంగతి చాలామంది పట్టించుకోరు. అది ముందుకూ వెనక్కూ రవ్వంత ఆడాలి. లోయర్ బ్యాండుకీ (దాని వెనక ఉండే లోహపు పట్టీకీ) గ్యాస్ సిలిండర్‌కీ మధ్య ఇరుక్కుపోతే, బ్యారెల్ వేడెక్కేకొద్దీ సిలిండర్ మీద దాని ఒత్తిడి మారుతుంది. మొదటి ఐదు షాట్లు ఒక చోట, తర్వాతవి మెట్లెక్కినట్టు నిలువుగా పాకుతున్నాయంటే ముందు ఇక్కడే వెతకండి.

స్లింగ్ (చేతికి చుట్టుకుని రైఫిల్‌ను బిగించే పట్టీ) కూడా చెక్క లెక్కలోకే వస్తుంది. పడుకుని కాల్చేటప్పుడు లూప్ స్లింగ్ బిగుతు చెక్క ముందు భాగాన్ని కిందకు లాగుతుంది, దానితో పాటు బ్యారెల్‌నీ లాగుతుంది. బిగుతు మారితే తగిలే చోటు మారుతుంది. తోలుతో చేసిన 1907 స్లింగ్‌లో కొక్కేలు పట్టే రంధ్రాలుంటాయి. ఎన్నో రంధ్రమో మీ షూటింగ్ పుస్తకంలో రాసుకోండి, చలికాలం కోటు వేసుకుంటే ఎన్నోదో అదీ విడిగా రాసుకోండి. బల్ల మీద ఇసుక సంచులపై పెట్టి జీరో చేసుకుని (గురి పెట్టిన చోటే తగిలేలా సైటు సర్దుకుని), ఆ అంకెలతో స్లింగ్ వేసుకుని 600కి వెళ్లడం శుద్ధ దండగ.

సైటు

మామూలు వెనక సైటులో పైకీ పక్కకీ క్లిక్కుకి ఒక మినిట్. నేషనల్ మ్యాచ్ సైటులో పక్కకి అర మినిట్. ఎత్తుకి కూడా, పీప్ (కంటి దగ్గర చూసే చిన్న రంధ్రం) మీది హుడ్‌ను అర చుట్టు తిప్పితే అర మినిట్ మారుతుంది. ఏ సైటైనా సరే, ముందు జారుతోందేమో చూడాలి. అడుగు నుంచి పది క్లిక్కులు పైకెత్తి, పీప్ మీద బొటనవేలితో గట్టిగా కిందకు నొక్కండి. జారిందంటే, పక్కకి తిప్పే నాబ్ మధ్యలో ఉన్న నట్టును కొంచెం బిగించి మళ్లీ చూడండి. కాల్చినప్పుడు వచ్చే కుదుపుకి జారే సైటుతో 600 దగ్గర షాట్లు ఒకదాని కింద ఒకటి దిగిపోతాయి. కాల్చేవాళ్లేమో ఊపిరి సరిగ్గా బిగపట్టలేదేమో అనుకుంటారు.

అరిగిన మరల్లో ఆట ఉంటుంది. దాన్ని మాయం చేయలేం, కానీ ఎప్పుడూ ఒకే వైపు ఉండేలా చూసుకోవచ్చు. కావలసిన చోటికి ఎప్పుడూ కింద నుంచి పైకే చేరండి. దిగాలంటే రెండు క్లిక్కులు ఎక్కువ దిగి మళ్లీ ఎక్కండి. పక్క నాబుకీ ఇంతే.

ఎత్తు డ్రమ్ము మీది గజాల అంకెలు పాత ఎం2 బాల్ (సైన్యం మామూలుగా వాడిన) రౌండుకి సరిపోయేలా వేసినవి. మ్యాచ్ రౌండు వాడుతూ ఆ అంకెల్ని నమ్మితే దెబ్బతింటారు. పీప్‌ను పూర్తిగా అడుక్కి దించి, అక్కడి నుంచి క్లిక్కులు లెక్కపెట్టి రాసుకోవడమే మంచిది. 168 నుంచి 175 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) మ్యాచ్ బుల్లెట్ సెకనుకు 2,650 అడుగుల చుట్టుపక్కల వెళ్తుంటే, 100 గజాల జీరో నుంచి 200కి సుమారు 2 మినిట్లు, 300కి 5, 600కి 15, 1000కి 35 దాకా ఎక్కాలి. ఇవి మొదటి సైటర్ (స్కోరులో చేరని పరీక్ష) షాటు కాగితం మీద పడటానికి పనికొచ్చే అంకెలే. అసలు అంకె మీ రైఫిలే చెప్పాలి.

గురి విషయంలో టార్గెట్ తయారుచేసినవాళ్లు మనకో మేలు చేశారు. 200 దగ్గర నల్లటి చుక్క 13 అంగుళాలు, 300 దగ్గర 19, 600 దగ్గర 36. మూడూ కంటికి దాదాపు ఆరేసి మినిట్లే, ఒకేలా కనిపిస్తాయి. 0.062 అంగుళం వెడల్పున్న నేషనల్ మ్యాచ్ ముందు సైటు కంటికి సుమారు 7 మినిట్లు, అంటే చుక్క కంటే ఒక వెంట్రుక వెడల్పు ఎక్కువ. ఆ కొలత చూపు నిలపడానికి చాలా బాగుంటుంది. 1000 గజాల దగ్గర 44 అంగుళాల చుక్క నాలుగు మినిట్లకు పడిపోతుంది, అందుకే అక్కడ అది సైటు మీద ఆవగింజలా కనిపించి కంగారు పెడుతుంది. కంటి చూపు మాత్రం ఎక్కడైనా ముందు సైటు అంచు మీదే ఉండాలి. చుక్క మసకగా కనిపించాలి. చుక్క స్పష్టంగా, సైటు మసకగా కనిపిస్తుంటే ఆ షాటు వదలకండి.

చుక్క కింది అంచున గురి పెట్టేవాళ్లు ముందు సైటును తప్పనిసరిగా మసి పట్టించుకోవాలి. నలుపు పోయి మెరిసిన సైటు మీద ఒక పక్క నుంచి ఎండ పడితే ఆ పక్క అంచు మాయమవుతుంది, మనకు తెలియకుండానే గురి పక్కకు పోతుంది. వెలుగు మారినప్పుడు తగిలే ఎత్తు కూడా మారుతుంది. ‘వెలుగు పెరిగితే సైటు పైకి, వెలుగు తగ్గితే సైటు కిందకి’ అన్నది రేంజుల్లో పాత మాట. కొందరి కళ్లకి తిరగబడుతుంది కాబట్టి పుస్తకంలో ఆకాశం ఎలా ఉందో రాసుకుని మీ కంటి లెక్క మీరే తేల్చుకోండి.

రౌండు

ఇక్కడ పొరపాటుకి కోల్పోయేది స్కోరు కాదు, రైఫిల్. గరాండ్ బ్యారెల్‌లో గ్యాస్ రంధ్రం దాదాపు మూతి దగ్గరే ఉంటుంది. బుల్లెట్ ఆ రంధ్రం దాటాక, బయటికి పోయే లోపు వచ్చిన గ్యాసే ఆపరేటింగ్ రాడ్‌ను (చాంబర్‌ను మూసే బోల్టును తెరిచే కడ్డీని) వెనక్కి తోస్తుంది. నిదానంగా మండే తుపాకి మందు వాడితే బుల్లెట్ అక్కడికి చేరేసరికి కూడా ఒత్తిడి ఎక్కువగా మిగిలి ఉంటుంది. చాంబర్ ఒత్తిడి హద్దుల్లోనే ఉన్నా రంధ్రం దగ్గర హద్దు దాటుతుంది. రాడ్ సుత్తిలా వెనక్కి వచ్చి వంగుతుంది, రిసీవర్ వెనక కొస కూడా దెబ్బతినవచ్చు. అందుకే వేట కోసం చేసిన బరువైన, వేగమైన .30-06 (గరాండ్ తూటా రకం) రౌండ్లు దీనిలో వేయకూడదు. ఎం1 గరాండ్ కోసమని పెట్టె మీద రాసి అమ్మే రౌండ్లు గానీ, పాత ఎం2 బాల్ గానీ వాడండి.

సొంతంగా రౌండ్లు నింపుకునేవాళ్లకి ఐఎంఆర్ 4895, హెచ్ 4895, ఐఎంఆర్ 4064 లాంటి మధ్యస్థంగా మండే మందులు తగినవి. బుల్లెట్ 150 నుంచి 175 గ్రెయిన్ల లోపు ఉంటే నిశ్చింత. ఎన్ని గ్రెయిన్ల మందో ఇక్కడ రాయను. రీలోడింగ్ మాన్యువల్‌లో మామూలు .30-06 పేజీ కాకుండా ఎం1 గరాండ్‌కి విడిగా ఇచ్చిన పేజీ చూసి, కింది అంకె నుంచి మొదలుపెట్టండి. కేసును (తూటా వెనక ఉండే ఇత్తడి గొట్టాన్ని) పూర్తి పొడవునా సైజ్ చేయాలి, అంటే అచ్చులో నొక్కి మళ్లీ సరైన కొలతకి తేవాలి. చేత్తో బోల్టు తిప్పే రైఫిల్ వాళ్లలా మెడ మాత్రమే సైజ్ చేస్తే బోల్టు పూర్తిగా మూసుకోకపోవచ్చు. ప్రైమర్ (దెబ్బ తగిలితే మంట పుట్టించే చిన్న గిన్నె) కేసు అడుగు కంటే కొంచెం లోపలికి దిగి ఉందో లేదో ప్రతి రౌండునీ వేలితో తడిమి చూడాల్సిందే. గరాండ్ ఫైరింగ్ పిన్‌కి (ప్రైమర్‌ను కొట్టే సూదికి) స్ప్రింగు ఉండదు, బోల్టు మూసుకున్నప్పుడు అది తన బరువుతో ముందుకు వెళ్లి ప్రైమర్‌ను తాకుతుంది. పైకి పొడుచుకొచ్చిన ప్రైమరో, మెత్తటి ప్రైమరో ఉంటే ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలవచ్చు. సైన్యం ప్రమాణానికి చేసిన గట్టి ప్రైమర్లు అందుకే. కేసులను నాలుగైదు సార్ల కంటే ఎక్కువ నింపకండి. వంచిన పేపర్ క్లిప్పు కొనను లోపలికి పెట్టి, అడుగుకు కొంచెం పైన గోడను గీరండి. గుంట తగిలితే ఆ కేసు తెగిపోవడానికి సిద్ధంగా ఉంది.

దూరానికి ఏ బుల్లెట్ అన్నది తర్వాతి సంగతి. చదును అడుగున్న ఎం2 బాల్ 600 దగ్గర పనికొస్తుంది గానీ గాలికి బాగా లొంగుతుంది. 1000 దగ్గరికి చేరేసరికి దాదాపు శబ్దవేగానికి పడిపోతుంది. పాత 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ 600 దగ్గర బంగారం, 1000 దగ్గర మాత్రం శబ్దవేగానికి దగ్గరవుతూ తూలుతుంది. ఆ దూరం కోసమైతే 175 ఎంచుకోండి.

గ్రీజు సంగతి రెండు ముక్కల్లో: బోల్టు లగ్గులకీ (బోల్టును పట్టి ఉంచే బొడిపెలకీ), రాడ్ జారే గాడికీ, బోల్టును తిప్పే మలుపుకీ గ్రీజు. గ్యాస్ సిలిండర్ లోపలా, పిస్టన్ మీదా ఏమీ వద్దు, పొడిగా ఉండాలి. బ్యారెల్‌ను మూతి వైపు నుంచే తోమాలి కాబట్టి క్లీనింగ్ రాడ్‌కి గైడ్ లేకుండా ఒక్కసారి కూడా తోమకండి. ఎన్నో పాత గరాండ్లు చెడింది కాల్చి కాదు, మూతి దగ్గర రాడ్ రాసుకుని. రాడ్ స్ప్రింగు తీసేసి, రాడ్‌నీ బోల్టునీ ఉంచి రైఫిల్‌ను ముందుకీ వెనక్కీ వంచితే అవి తమ బరువుతోనే జారాలి. ఎక్కడైనా ఆగితే రాడ్ వంగి ఉందేమో చూడాలి.

లైను మీద

600 దగ్గర ఒక్కో రౌండే వేసి కాలుస్తాం. చాంబర్‌లో చేత్తో రౌండు దూర్చి బోల్టును వదిలేస్తే అడ్డేమీ లేక అది పూర్తి వేగంతో మూసుకుంటుంది, ఫైరింగ్ పిన్ అన్నిటికంటే గట్టిగా తగిలేది అప్పుడే. ఒక్క రౌండు పట్టే క్లిప్పు (రౌండ్లను పట్టి ఉంచే రేకు చట్రం) దొరుకుతుంది, దాన్ని వాడండి. రౌండును మ్యాగజైన్ నుంచి తోసుకుంటూ వెళ్లడంలో బోల్టు వేగం కొంత తగ్గుతుంది. ఎనిమిది రౌండ్ల క్లిప్పు నింపేటప్పుడు పై రౌండు కుడి వైపుకి వచ్చేలా చూడండి, సాఫీగా దిగుతుంది. నొక్కేటప్పుడు కుడి అరచేతి అంచు రాడ్ హ్యాండిల్‌కి ఆనించి ఉంచితే బొటనవేలు నలగదు.

పడుకుని గురి కుదిరాక కళ్లు మూసుకుని రెండుసార్లు ఊపిరి తీసి వదిలి, తెరిచి చూడండి. సైటు పక్క టార్గెట్ వైపు జరిగి ఉంటే చేతులతో లాగి తేకండి. ఎడమ మోచేయి ఇరుసు అనుకుని నడుము జరపండి. కండబలంతో పట్టిన గురి ట్రిగ్గర్ పడగానే తన చోటికి తాను పోతుంది.

గాలి

ఇప్పుడు అసలు సంగతి. మ్యాచ్ బుల్లెట్‌ను 600 గజాల దగ్గర, గంటకు 10 మైళ్ల గాలి అడ్డంగా వీస్తే, దాదాపు 5 మినిట్లు, అంటే సుమారు 30 అంగుళాలు తోస్తుంది. దీన్ని పదితో భాగిస్తే మైలుకి మూడంగుళాలు. నేషనల్ మ్యాచ్ సైటు ఒక క్లిక్కు కూడా 600 దగ్గర మూడంగుళాలే! ఒక మైలుకి ఒక క్లిక్కు. ఇంతకంటే సులువైన లెక్క ఈ ఆటలో ఇంకోటి లేదు. మామూలు సైటైతే రెండు మైళ్లకి ఒక క్లిక్కు. పది రింగు మధ్య నుంచి అంచుకు ఆరంగుళాలు, అంటే గాలిని రెండు మైళ్లు తప్పుగా అంచనా వేస్తే మంచి షాటు కూడా గీత మీదికి పోతుంది. ఎం2 బాల్‌తో పాత సూత్రం ఉంది: వందల గజాలను మైళ్లతో గుణించి పదితో భాగిస్తే మినిట్లు వస్తాయి. 600 దగ్గర 10 మైళ్లకి 6 మినిట్లు.

అడ్డంగా కాకుండా ఏటవాలుగా వీస్తే ఎంత? టార్గెట్‌ను పన్నెండు గంటల దిక్కు అనుకుంటే, ఒంటి గంట నుంచి వచ్చే గాలికి సగం. రెండు గంటల నుంచి వచ్చేదానికి కూడా సగమే వేసేవాళ్లున్నారు, అది తప్పు. దానిది దాదాపు తొమ్మిది పదో వంతులు. ఒంటిగంటన్నర గాలికి ఏడు పదో వంతులు. గాలి టార్గెట్ వైపు నుంచి నేరుగా వస్తూ కాస్త అటూ ఇటూ ఊగుతుంటే అది అన్నిటికంటే ప్రమాదం. ఎడమ సగం నుంచి కుడి సగానికి ఒక్క క్షణంలో మారిపోతుంది.

జెండా కర్ర నుంచి ఎన్ని డిగ్రీలు లేచిందో చూసి నాలుగుతో భాగిస్తే మైళ్లు వస్తాయి. తడిసిన జెండా అబద్ధం చెబుతుంది. అమెరికాలో ఒహాయోలోని క్యాంప్ పెర్రీ షూటింగ్ రేంజులో ఈరీ సరస్సు మీది నుంచి వచ్చే గాలికి జెండాలు రోజంతా పనిచేస్తూనే ఉంటాయి గానీ, అవి చెప్పేది అవి పాతిన చోటి సంగతి, అదీ కొంచెం ఆలస్యంగా. ఎండమావి అయితే వెంటనే చెబుతుంది. స్పాటింగ్ స్కోపును (టార్గెట్ చూసే దుర్భిణిని) టార్గెట్ మీద ఫోకస్ చేసి, తర్వాత కొంచెం దగ్గరికి తెండి. టార్గెట్ మసకబారి, దాని ముందు గాలి అలలు ఏట్లో నీళ్లలా పారడం కనిపిస్తుంది. నిదానంగా వంకర్లు తిరిగితే మూడు నాలుగు మైళ్లు, అలలు చదునై వేగంగా పరుగెత్తితే ఎనిమిదీ పది. పన్నెండు దాటితే తేడా కంటికి తెలియదు, అక్కడి నుంచి జెండాలే దిక్కు. అలలు నేరుగా పైకి మరుగుతున్నట్టు కనిపిస్తే కాల్చకండి. గాలి ఆగింది అనిపిస్తుంది గానీ, చాలాసార్లు దిక్కు మారబోతోందని అర్థం.

ఇరవై షాట్లకి ఇరవై నిమిషాలు అంటే నిమిషానికొకటి అని కాదు. టార్గెట్ల కింద కందకంలో ఉండేవాళ్లు టార్గెట్ దించి, మచ్చ పెట్టి, పైకెత్తే సమయం పోను మిగిలింది మన చేతిలో ఉంటుంది. ఎక్కువసేపు నిలబడే ఒక గాలిని ఎంచుకుని, దానికి సైటు పెట్టి, అది వచ్చినప్పుడల్లా త్వరగా వరుసగా కాల్చండి, మారితే ఆగండి. మధ్యలో మూడు నిమిషాలు ఊరికే పడుకుని చూసినా నష్టం లేదు. అయితే గడియారం మీద ఒక కన్ను ఉండాలి. ట్రిగ్గర్ పడిన క్షణంలో సైటు ఎక్కడుందో, మచ్చ కనిపించకముందే పుస్తకంలో చుక్క పెట్టండి. మీ చుక్కకీ కందకం వాళ్లు పెట్టిన మచ్చకీ మధ్య తేడా మాత్రమే గాలిది. ఆ తేడాకి మాత్రమే క్లిక్కు తిప్పాలి.

చివరి షాటు అయ్యాక పక్క నాబు ఎక్కడుందో రాసుకుని, పీప్‌ను అడుగుకి దించుతూ క్లిక్కులు లెక్కపెట్టండి. మొదలుపెట్టేటప్పుడు రాసుకున్న అంకెకి, మధ్యలో వేసినవీ తీసినవీ కలిపితే సరిపోవాలి. ఒక్క క్లిక్కు తక్కువ వచ్చినా సైటు జారిందన్నమాట. అప్పుడు ఆ రోజు రాసుకున్న ఎత్తు అంకెలు కొట్టేసి, నట్టు బిగించి, మళ్లీ 100 గజాల నుంచి మొదలుపెట్టండి.